ఓరియంటేషన్ వారం: ఏ పని ముందు, ఏ పని తర్వాత

(అమెరికాలో ఎంఎస్‌లో చేరబోతున్న విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల కోసం జరిగిన అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మానాన్నలు కూడా వచ్చారు, మంచిది. ఇవాళ చెప్పుకోబోయే వాటిలో సగం పనులు ఫ్లైట్ ఎక్కకముందు ఇక్కడ అవ్వాల్సినవే.

అడ్మిషన్ వచ్చింది, వీసా స్టాంపింగ్ అయింది, ఇంక గండం గడిచింది అనుకుంటాం. ఆగస్టులో దిగాక ఓరియంటేషన్ అంటే ఏదో ఫ్రెషర్స్ పార్టీ లాంటిది, టీషర్టు ఇస్తారు, పిజ్జా పెడతారు, పోయినా పోకపోయినా ఒకటే అనుకుంటారు చాలామంది. పిజ్జా పెట్టే మాట నిజమే. కానీ ఆ వారం పదిరోజుల్లో మీ పేరు మీద వేసిన నాలుగైదు తాళాలు తీయించుకోవాలి. ఒక తాళం తీస్తేనే రెండోదాని చెవి చేతికొస్తుంది. టీకాల కాగితం ఇవ్వకపోతే కోర్సుల రిజిస్ట్రేషన్ తెరుచుకోదు. ఇంటర్నేషనల్ ఆఫీసులో చెకిన్ అవ్వకపోతే సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డులో, మీరు వచ్చినట్టే ఉండదు. సెవిస్‌లో లేకపోతే, అక్కడ ఉద్యోగానికి కావాల్సిన సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. మొదటి నెలలో వచ్చే చిక్కుల్లో చాలావరకు చదువు కష్టమై వచ్చినవి ఉండవు, ఈ వరస తప్పడం వల్ల వచ్చినవే.

ముందు మీ పేరుతో మొదలుపెడదాం. నవ్వకండి, ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. టెన్త్ మెమోలో ఇంటిపేరు, పేరు ఒకే వరసలో ఉంటాయి. పాస్‌పోర్టులో మాత్రం సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు గళ్లు. అప్లికేషన్ నింపినవాళ్లు కొందరికి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో పెట్టేసి సర్‌నేమ్ ఖాళీ వదిలేస్తారు. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా కొట్టేటప్పుడు పేరంతా సర్‌నేమ్ గడిలోకి పోతుంది, గివెన్ నేమ్ దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దానికి అర్థం. తర్వాత అదే బ్యాంకు కార్డు మీదికి, డ్రైవింగ్ లైసెన్సు మీదికి ఎక్కుతుంది. క్లాసులో మొదటిరోజు ప్రొఫెసర్ ‘ఫ్నూ’ అని పిలిస్తే, ఆ పిలిచింది మిమ్మల్నే. (నవ్వులు)

వీసా ఇంకా పడనివాళ్లు ఎవరైనా ఉంటే, ముందు పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకుని, ఇంటిపేరు దాని గడిలో పెట్టించుకోండి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం కూడా ఆ పేరుతోనే మార్పించుకోవాలి. వీసా పడిపోయినవాళ్లు కంగారుపడొద్దు. చేయాల్సిందల్లా ఒకటే, అన్నిచోట్లా అదే రూపం వాడడం. టికెట్, ఐ-20, బ్యాంకు ఖాతా, ఉద్యోగం కాగితాలు, ఏ ఒక్కదాంట్లో స్పెల్లింగ్ మారినా ఇంకో ఆఫీసులో మీ రికార్డు దొరకదు. చాలా యూనివర్సిటీల పోర్టల్‌లో ప్రిఫర్డ్ నేమ్ అని ఉంటుంది, అక్కడ మీ పేరు పెట్టుకుంటే క్లాసు జాబితాలో అది కనిపిస్తుంది.

ఇప్పుడు టీకాలు. దీనిమీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే జులై చివర్లో గుర్తొస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

దాదాపు ప్రతి యూనివర్సిటీ రెండు డోసుల ఎంఎంఆర్ అడుగుతుంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఈ మూడింటికి కలిపి వేసే టీకా. ఇంట్లో చిన్నప్పటి కార్డు తీసి చూస్తే ‘మీజిల్స్, తొమ్మిదో నెల’ అని ఉంటుంది. అమ్మ వేయించింది కదా, అయిపోయింది అనుకుంటారు. రెండు కారణాల వల్ల అది లెక్కలోకి రాదు. ఒకటి, అమెరికాలో మొదటి పుట్టినరోజు దాటాక వేసిన డోసునే లెక్కేస్తారు. రెండు, మన ప్రభుత్వ టీకాల పట్టికలో గవదబిళ్లల టీకా లేదు. 2017 నుంచి మొదలైన ఎంఆర్ టీకాలో కూడా తట్టు, రుబెల్లా మాత్రమే. ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గర వేయించినవాళ్లకే ఎంఎంఆర్ ఉండే అవకాశం.

కాబట్టి మళ్లీ రెండు డోసులు వేయించుకోవడం తేలిక. రెండింటికీ మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. ఇరవై ఏడో రోజున వేయించుకుంటే క్లర్కు ఒప్పుకోకపోవచ్చు, ఒకట్రెండు రోజులు అటే ఉంచండి. ప్రయాణానికి ఆరు వారాల ముందు మొదటి డోసు పడాలి. కార్డు మీద టీకా పేరు, తేదీ, డాక్టరు సంతకం, ముద్ర, అన్నీ ఇంగ్లిషులో. తేదీ రాసేటప్పుడు నెల అక్షరాల్లో రాయించండి. మనం ‘05/06’ అంటే జూన్ ఐదు, వాళ్లు చదివితే మే ఆరు.

ఇంకోటి టీబీ. చర్మం మీద సూదేసి చూసే మాంటూ పరీక్ష మనవాళ్లలో తరచుగా పాజిటివ్ చూపిస్తుంది, పుట్టినప్పుడు బీసీజీ వేశారు కాబట్టి. జబ్బు లేకపోయినా ఎక్స్‌రేలు, మళ్లీ అపాయింట్‌మెంట్లు. రక్తంతో చేసే ఐజీఆర్ఏ పరీక్షకు బీసీజీతో సంబంధం లేదు, అడిగి అదే చేయించుకోండి. కొన్ని యూనివర్సిటీలు అమెరికాలో చేసిన పరీక్షే కావాలంటాయి, ముందు వాళ్ల హెల్త్ సెంటర్ పేజీ చదవండి. ఎంఎంఆర్ వేయించుకున్న రోజే టీబీ పరీక్ష చేయించుకోవచ్చు. ఆ రోజు దాటితే నాలుగు వారాలు ఆగాలి, లేకపోతే టీకా ప్రభావం వల్ల ఫలితం తప్పు రావచ్చు.

టెక్సాస్ వెళ్లేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం హాలు. 22 ఏళ్లలోపు వాళ్లకు అక్కడ మెనింజైటిస్ టీకా రాష్ట్ర చట్టం ప్రకారం తప్పనిసరి. గత ఐదేళ్లలో వేయించుకుని ఉండాలి, సెమిస్టర్ మొదలవడానికి కనీసం పది రోజుల ముందు. బీటెక్ అవ్వగానే వెళ్లేవాళ్లు 21 ఏళ్లకే దిగుతారు, మీ పుట్టినతేదీ ఒకసారి లెక్కేసుకోండి.

సర్టిఫికెట్లు తొందరగా చెప్పేస్తాను. అడ్మిషన్ ఇచ్చేటప్పుడు స్కాన్ కాపీలు చూసి ఇచ్చారు. చేరాక అఫీషియల్ ట్రాన్స్‌క్రిప్టు, డిగ్రీ పూర్తయినట్టు రుజువు అడుగుతారు. సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) రెండూ చేతిలో ఉంచుకోండి, ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ, కాన్వొకేషన్ దాకా రాదు కాబట్టి. కాలేజీలోనో యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచిలోనో ట్రాన్స్‌క్రిప్టులు రెండు మూడు సీల్డ్ కవర్లు ఎక్కువే తీసుకోండి. కవరు మీరు విప్పితే అది చిత్తుకాగితం.

ప్రయాణం. ఐ-20 మీద ప్రోగ్రాం స్టార్ట్ డేట్ ఉంటుంది. దానికి 30 రోజుల కంటే ముందు దిగనివ్వరు. ఆ తేదీ దాటాక దిగాలంటే డీఎస్ఓతో ముందే మాట్లాడి లేట్ అరైవల్ లెటరు తెప్పించుకోవాలి. డీఎస్ఓ అంటే మీ ఐ-20 మీద సంతకం పెట్టిన ఇంటర్నేషనల్ ఆఫీసు అధికారి. ఈ మాట ఇవాళ చాలాసార్లు వస్తుంది. పాస్‌పోర్టు, ఐ-20, అడ్మిషన్ లెటరు, ఫీజు రసీదులు, లోన్ శాంక్షన్ లెటరు చేతిసంచిలో ఉండాలి. చెకిన్ లగేజీలో పెడితే ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర మీ చేతిలో ఏమీ ఉండదు, సూట్‌కేసు ఆ తర్వాతే వస్తుంది.

కస్టమ్స్ దగ్గర తిండిపదార్థాలు ఉన్నాయా అంటే ‘ఉన్నాయి’ అనే చెప్పండి. చెప్పి తీసుకెళ్తే మహా అయితే తీసి పారేస్తారు, చెప్పకుండా దొరికితే జరిమానా. ఆవకాయ, పొడులు, స్వీట్లతో మామూలుగా ఇబ్బంది ఉండదు. నాటుకోడి పచ్చడి, రొయ్యల పచ్చడి అంటూ అమ్మలు పెట్టేస్తారు చూడండి, అందులో మాంసం ఉన్నది పట్టుకెళ్లొద్దు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. నిమ్మజాతి తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేప మీద బతుకుతుంది, అందుకే దానిమీద అంత కట్టడి. 10,000 డాలర్లకు మించి నగదు ఉంటే ప్రకటించాలి.

దిగిన రెండు మూడు రోజుల్లో ఐ-94, అంటే మీరు దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు, డౌన్‌లోడ్ చేసుకోండి. ఇప్పుడది కాగితం కాదు, కస్టమ్స్ వాళ్ల వెబ్‌సైట్లో మీ వివరాలు కొడితే వస్తుంది. సర్‌నేమ్ లేని పాస్‌పోర్టు వాళ్లు గివెన్ నేమ్ దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ అని కొట్టి వెతకండి. వచ్చాక మూడు చూడాలి. పేరు, పుట్టినతేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా, క్లాస్ ఆఫ్ అడ్మిషన్ దగ్గర విద్యార్థి వీసాను సూచించే ‘ఎఫ్1’ అని ఉందా, గడువు దగ్గర ‘డీ/ఎస్’ అని ఉందా. డీ/ఎస్ అంటే చదువు నిబంధనల ప్రకారం సాగినంతకాలం అని. దీన్ని తీసేసి కచ్చితమైన తేదీ పెట్టాలని 2025 ఆగస్టులో ఒక ప్రతిపాదన వచ్చింది, అందుకని మీరు వెళ్లేనాటికి ఏది సరైనదో డీఎస్ఓని అడగండి. కౌంటర్లో అధికారి రోజుకు వందలమందిని చూస్తాడు, పొరపాటున బీ2 కొట్టేస్తే విజిటర్‌గా దిగినట్టు అవుతుంది. దొరికితే వెంటనే డీఎస్ఓకి చెప్పండి, డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో సరిచేస్తారు. ఆరు నెలల తర్వాత లైసెన్సు ఆఫీసులో బయటపడితే పని పదింతలు.

అప్పుడు ఇంటర్నేషనల్ చెకిన్. ఐ-94, వీసా పేజీ, అక్కడి ఇంటి అడ్రసు ఇవ్వాలి. ప్రోగ్రాం స్టార్ట్ డేట్ నుంచి 30 రోజుల్లో వాళ్లు మిమ్మల్ని సెవిస్‌లో రిజిస్టర్ చేయాలి. చేయకపోతే రికార్డు టెర్మినేట్ అవుతుంది, ఆ తర్వాత దాన్ని బతికించడం చాలా కష్టం. మొదటి వారం స్నేహితుల ఇంట్లో దిగి, తర్వాత అపార్ట్‌మెంట్ మారతారు కదా? మారిన పది రోజుల్లో కొత్త అడ్రసు చెప్పాలి. ఇది చాలామంది మరిచిపోయేది.

ఓరియంటేషన్ అనేదాన్ని ఒక సభ అనుకోవద్దు, మూడు ఉంటాయి. ఇంటర్నేషనల్ ఆఫీసుది వీసా నిబంధనల గురించి. గ్రాడ్యుయేట్ స్కూల్‌ది యూనివర్సిటీ మొత్తానికి సంబంధించింది, లైబ్రరీ, కౌన్సెలింగ్, పోలీసు వగైరా. మూడోది మీ డిపార్ట్‌మెంట్‌ది. సమయం ఢీకొంటే ఏది వదులుకున్నా మూడోది వదలొద్దు. థీసిస్‌కి, నాన్-థీసిస్‌కి తేడా ఏంటి, ఏ కోర్సులు కోర్, ప్లాన్ ఆఫ్ స్టడీ ఎప్పుడివ్వాలి, టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పోస్టులకు ఎవరిని అడగాలి, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్ అని ఒకరుంటారు, ఆవిడ పేరు, గది నంబరు రాసుకోండి. రెండేళ్లలో ప్రొఫెసర్ల కంటే ఆవిడతోనే ఎక్కువ పని పడుతుంది.

రిజిస్ట్రేషన్ పేజీ తెరిచినప్పుడు ‘హోల్డ్’ అని కనిపిస్తే అదే నేను చెప్పిన తాళం. ఇమ్యునైజేషన్ హోల్డ్, ట్రాన్స్‌క్రిప్ట్ హోల్డ్, అడ్వైజింగ్ హోల్డ్, ఫీజు హోల్డ్. ఒక్కోటి ఒక్కో ఆఫీసు వేస్తుంది, వేసినవాళ్లే తీయాలి. ఫీజు ఆఫీసుకెళ్లి టీకా హోల్డ్ గురించి అడిగితే లాభం లేదు. ఒక్క హోల్డ్ ఉన్నా కోర్సు చేర్చుకోనివ్వదు, ఈలోపు మంచి కోర్సులు నిండిపోతాయి.

ఎన్ని కోర్సులు? చాలాచోట్ల గ్రాడ్యుయేట్లకు ఫుల్‌టైమ్ అంటే తొమ్మిది క్రెడిట్లు, అంటే మూడు కోర్సులు. మీ స్కూల్లో ఎంతో చూసుకోండి. ఆన్‌లైన్ కోర్సు ఒక్కటి, మూడు క్రెడిట్ల వరకే ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుంది. బీటెక్‌లో సెమిస్టర్‌కి ఆరేడు సబ్జెక్టులు చదివాం, మూడేనా అని నాలుగోది వేసుకుంటారు. వద్దు. అక్కడ ఒక్కో కోర్సులో వారంవారం అసైన్‌మెంట్, మిడ్‌టర్మ్, ప్రాజెక్టు ఉంటాయి. పరీక్ష ముందురోజు ఆల్ ఇన్ వన్ చదివి గట్టెక్కే పద్ధతి అక్కడ పనికిరాదు.

జీపీఏ 3.0 కింద పడకూడదు. ఈ లెక్క చూడండి. మూడు కోర్సుల్లో ఒకటి ఏ మైనస్, 3.67. ఒకటి బీ, 3. ఒకటి సీ, 2. కలిపి మూడుతో భాగిస్తే 2.89. ఒక్క సీ వల్ల మొదటి సెమిస్టర్‌లోనే ప్రొబేషన్. బీటెక్‌లో పాస్ మార్కు అంటే గట్టెక్కినట్టు, అక్కడ సీ అంటే మునిగినట్టే.

అందుకే యాడ్-డ్రాప్ గడువు తేదీని ఫోన్లో పెట్టుకోండి. కోర్సు మార్చుకోవాలంటే ఫీజు తిరిగొచ్చేలా ఆ లోపే మార్చుకోవాలి. ఆ గడువు తర్వాత తప్పుకుంటే ‘డబ్ల్యూ’, అంటే మధ్యలో వదిలేసినట్టు గుర్తు, పడుతుంది. తొమ్మిది క్రెడిట్లలో మూడు వదిలేస్తే ఆరు మిగులుతాయి, ఫుల్‌టైమ్ పోతుంది, స్టేటస్ పోతుంది. అక్కడి బోధన పద్ధతి కొత్తగా ఉండటం, తప్పు స్థాయి కోర్సులో పడటం లాంటి కారణాలకు డీఎస్ఓ ఆరు క్రెడిట్లకు తగ్గించుకోనివ్వచ్చు, అదీ ఒక డిగ్రీకి ఒక్కసారే. అనుమతి ముందు రావాలి, డ్రాప్ బటన్ తర్వాత నొక్కాలి. వరస తిరగబడితే కోర్సు వదిలిన ఆ క్షణం నుంచే తప్పు మీది.

సిలబస్ కాగితం మొదటిరోజే ఇస్తారు. మన దగ్గర సిలబస్ అంటే యూనిట్ల పేర్లు. అక్కడ అది ఒప్పందపత్రం లాంటిది. ఏ పరీక్షకు ఎంత శాతం, ఆలస్యమైతే రోజుకెంత కోత, ఏఐ పనిముట్లు వాడొచ్చా లేదా, అన్నీ అందులో ఉంటాయి. చాటింగ్ బాట్ ఒక కోర్సులో ఒప్పుకుంటారు, పక్క కోర్సులో అదే నేరం.

కాపీ సంగతి కూడా చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో ‘బ్రో, నీ కోడ్ ఒకసారి పంపు, ఐడియా కోసం’ అని అడుగుతారు. మొహమాటానికి పంపుతారు. బర్క్‌లీలో తయారైన మాస్ లాంటి సాఫ్ట్‌వేర్లు వేరియబుల్ పేర్లు మార్చినా, కామెంట్లు చెరిపినా కోడ్ నిర్మాణం పోల్చి పట్టేస్తాయి. పట్టుబడితే తీసుకున్నవాడితో పాటు ఇచ్చినవాడికీ శిక్ష పడుతుంది. సీనియర్ పాత సెమిస్టర్ సొల్యూషన్ వాడినా అంతే.

పని విషయం. క్యాంపస్ లోపల, క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు. ఉద్యోగం దొరికాక, డిపార్ట్‌మెంట్ ఇచ్చే ఆఫర్ లెటరు, డీఎస్ఓ లెటరు పట్టుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లాలి. దిగిన పది రోజులు ఆగి, చెకిన్ అయ్యాక కనీసం 48 గంటలు గడిచాక వెళ్లండి. తొందరపడి వెళ్తే కంప్యూటర్లో మీ రికార్డు కనిపించక తిరిగి పంపేస్తారు. దరఖాస్తుకు రూపాయి ఖర్చు లేదు. బ్యాంకు ఖాతాకు మాత్రం ఆ నంబరు కోసం ఎదురుచూడక్కర్లేదు, చాలా బ్యాంకులు పాస్‌పోర్టు, ఐ-20, అడ్రసు రుజువుతో తెరుస్తాయి.

బయట పెట్రోల్ బంకులో, హోటల్లో క్యాష్‌కి చేయొచ్చు, అందరూ చేస్తున్నారు అని ఎవరో ఒకరు చెప్తారు. దానికి అనుమతి లేదు. పట్టుబడి సెవిస్ టెర్మినేట్ అయితే, దేశం వదలడానికి గ్రేస్ పీరియడ్ కూడా ఉండదు. అలాగే ‘క్లాసులకు రానక్కర్లేదు, మొదటిరోజు నుంచే సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి) ఇస్తాం’ అనే స్కూళ్ల జోలికి పోవద్దు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు ఎక్కువమంది మన తెలుగు పిల్లలే, కొందరి కాళ్లకు జీపీఎస్ పట్టీలు కట్టారు. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీనైతే మిషిగన్‌లో ఇమిగ్రేషన్ వాళ్లే వలగా పెట్టారు. వందమందికి పైగా భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు.

ఇల్లు గురించి రెండు ముక్కలు. నలుగురు కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే, ఒకడు మధ్యలో వెళ్లిపోయినా అద్దె మొత్తం మిగతావాళ్లు కట్టాల్సిందే, లీజులో సాధారణంగా అలాగే రాసి ఉంటుంది. దిగిన రోజే గోడలు, కార్పెట్, స్టవ్ ఫొటోలు తీసి ఓనర్‌కి ఈమెయిల్ చేయండి, డిపాజిట్ తిరిగి రావాలంటే. ఇక తిరగమోత. నూనె బాగా కాగాక ఎండుమిర్చి వేశారంటే పొగ అలారం మోగుతుంది. కొన్ని బిల్డింగుల్లో అది నేరుగా ఫైర్ స్టేషన్‌కి వెళ్తుంది, అర్ధరాత్రి మూడు అంతస్తుల జనం రోడ్డు మీద. అలారానికి కవరు తొడగడం, బ్యాటరీ పీకడం లీజు ఉల్లంఘన. చిమ్నీ ఫ్యాన్ ముందే వేసి, సన్నమంట మీద, మూత పక్కన పెట్టుకుని వేయండి. మిక్సీ, రైస్ కుక్కర్ ఇక్కడివి పట్టుకెళ్లొద్దు. అక్కడ కరెంటు 120 వోల్టులు, మనది 230. కుక్కర్ పిల్లి ఎండలో కూర్చున్నట్టు గోరువెచ్చగా కూర్చుంటుంది తప్ప అన్నం ఉడకదు. ప్రెషర్ కుక్కర్ మాత్రం హాయిగా తీసుకెళ్లండి.

ఇప్పుడు ప్రశ్నలు.

ప్రశ్న: సార్, ఇక్కడి సిమ్ తీసేయమంటారా?

తీయొద్దు బాబూ. లోన్, బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. వెళ్లేముందు రోమింగ్‌లో మెసేజ్‌లు వచ్చేలా చేయించుకో. యూనివర్సిటీ లాగిన్‌కి మాత్రం ఈ నంబరు పెట్టకు, అథెంటికేటర్ యాప్ పెట్టుకో. సిమ్ మార్చిన రోజు రిజిస్ట్రేషన్ పేజీలోకి పోలేక బయట నిలబడతావు.

ప్రశ్న: సంపాదన లేకపోయినా టాక్స్ కాగితం వేయాలంటున్నారు?

అవునమ్మా. ఫారం 8843. ఒక్క డాలరు సంపాదించకపోయినా జూన్ 15 లోపు పోస్టులో పంపాలి. జీతం వస్తే దాంతోపాటు 1040-ఎన్‌ఆర్ కూడా, ఏప్రిల్ 15 లోపు. భారతీయ విద్యార్థులకు భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది, మిగతా చాలా దేశాలవాళ్లకు లేదది. రూమ్మేట్ వాడిన, అక్కడి రెసిడెంట్ల కోసం చేసిన టాక్స్ సాఫ్ట్‌వేర్‌తో వేయొద్దు, యూనివర్సిటీ ఇచ్చేది అడిగి వాడు.

ప్రశ్న: అబ్బాయి మార్కులు మాకు పంపుతారా అండీ? కాలేజీకి ఫోన్ చేస్తే చెప్తారా?

చెప్పరండీ. ఫెర్పా అని 1974 నాటి చట్టం ఉంది. ఫీజు మీరు కట్టినా సరే, అబ్బాయి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మార్కులు, హాజరు ఏవీ మీకు చెప్పరు. కావాలంటే పోర్టల్లో అనుమతి ఇచ్చే ఫారం ఉంటుంది, అది నింపాల్సింది అబ్బాయే. ఆ మాట మీరూ మీరూ ఇంట్లో తేల్చుకోండి. (నవ్వులు)

సరే, టైమైంది. టీకా కార్డులు తెచ్చినవాళ్లు ఇటు ఎడమవైపు వరసలో రండి, ఒక్కొక్కటీ చూసి ఏం తక్కువో చెప్తాను. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీ ఉన్నవాళ్లు కుడివైపు.